ఏటా పొగాకుకు అప్పిచ్చే బ్యాంకు ఇంటికి ఇవ్వదా?

ఇంటి అప్పులపై పాఠకుల ప్రశ్నలు, ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజర్ జవాబులు

ప్రశ్న: మేనేజర్ గారికి నమస్కారం. మాది ఆంధ్రప్రదేశ్‌లో కనిగిరి దగ్గర ఓ పల్లె. నాకు 43 ఏళ్ళు. నాలుగెకరాల్లో పొగాకు, కంది వేస్తాను. పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ ఒకటి, రెండు పాడి గేదెలు ఉన్నాయి. మా తాత కట్టిన మట్టి మిద్దె పోయిన వానలకు ఒక పక్క కూలింది. అయిదు సెంట్ల స్థలం, గ్రామకంఠంలో, అంటే ఊరి జనావాసంలో ఉంది. ఇంటిపన్ను ఇప్పటికీ మా నాన్న పేరుమీదే వస్తోంది. ఆయన పోయి ఆరేళ్ళయింది. నాకు ఒక అక్క, ఒక తమ్ముడు. కొత్త ఇల్లు 12 లక్షల్లో అవుతుందని మేస్త్రీ అంటున్నాడు. నా దగ్గర 4 లక్షలున్నాయి. మా ఊళ్ళో ఉన్నది ఒకే బ్యాంకు. పంటకూ బ్యారన్‌కూ ఏటా అప్పిస్తారు, నేను ఏటా కడుతున్నాను. ఇంటికి అడిగితే మాత్రం ‘మీ ఊరికి హౌసింగ్ లోన్ లేదు’ అన్నారు. కనిగిరిలో ఇంకో బ్యాంకుకు వెళ్తే ‘మీ ఊరు మా సర్వీస్ ఏరియా కాదు, అన్ని బ్యాంకుల నుంచీ బాకీ లేదనే నో డ్యూ సర్టిఫికెట్లు తెండి’ అన్నారు. ఇంతలో ఒక ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు ఇంటికే వచ్చి, 14 శాతం వడ్డీకి వారంలో 8 లక్షలు ఇప్పిస్తానంటున్నాడు. మా ఆవిడ ఆగమంటోంది. పోనీ రోడ్డు పక్కన పొలంలో కట్టుకుంటే బ్యాంకు అప్పు వస్తుందా?
(పేరు రాయొద్దన్న పాఠకుడు)

జవాబు: ముందు మీ ఆవిడ మాట వినండి. మిగతావి ఒక్కొక్కటే మాట్లాడుకుందాం.

‘మీ ఊరికి హౌసింగ్ లోన్ లేదు’ అనే మాట నేనూ అన్నాను. ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో చేశాను, అందులో సగం పల్లె బ్రాంచీల్లోనే. పంట రుణాల రెన్యువల్‌కు బయట వరండా దాకా జనం నిలబడి ఉంటే, ఇంటి అప్పు అడిగిన మనిషిని కూర్చోబెట్టి గ్రామకంఠం అంటే ఏమిటో, స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే లింకు డాక్యుమెంట్లు ఎందుకో అరగంట చెప్పే ఓపిక ఎవరికుంటుంది? ఒక్క ముక్కలో తేల్చేస్తాం. అలా నేను తేల్చేసిన ఒక పెద్దాయన బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఇల్లు కట్టాడు. అంటే ఏడాదికి 36 శాతం. గృహప్రవేశానికి నన్ను పిలిచాడు కూడా. విస్తరి ముందు కూర్చున్నాక ఈ వడ్డీ సంగతి పక్కాయన చెప్పాడు. ముద్ద దిగలేదు.

మీ మేనేజర్ గారి మాటకు అసలు అర్థం ఇది: ‘మీ స్థలం కాగితాలు మా లాయరు ముందు నిలబడవు’. మీ మీద ఆయనకు అనుమానం ఉండి ఉండదు. పొగాకు డబ్బు వేలం కేంద్రం నుంచి నేరుగా మీ ఖాతాలో పడుతుంది, బ్యాంకు తన బాకీ అందులోంచే పట్టుకుంటుంది. పైగా అది ఏడాది అప్పు, పొలానికి పాసు పుస్తకం ఉంది, హక్కుల రికార్డు 1బి ఉంది. ఇంటి అప్పు పదిహేనేళ్ళది. అన్నాళ్ళు బ్యాంకు చేతిలో ఉండేది ఆ అయిదు సెంట్లూ, దానిమీద కట్టిన గోడలూ మాత్రమే. ఆ అయిదు సెంట్లు ఎవరివని ఏ కాగితం చెబుతోంది? ప్రస్తుతానికి కాలం చేసిన మీ నాన్నగారి పేరున ఉన్న ఇంటిపన్ను రసీదు ఒక్కటే.

ఇది మీ ఒక్కరి బాధ కాదు. వెనకటి సర్వేల్లో పొలాలకు గట్టుగట్టుకూ నంబరు వేసి, శిస్తు రాని జనావాసాన్ని మాత్రం గ్రామకంఠం అని ఒకే ముక్కగా వదిలేశారు. అందులో ఎవరి ఇల్లు ఎంతమేర అన్న లెక్క రెవెన్యూ పుస్తకాల్లో లేదు. అందుకే పొలానికి ఉన్న రికార్డు ఇంటికి ఉండదు. తాత, నాన్న, మీరు అందులోనే పుట్టి పెరిగినా, బ్యాంకు లాయరు అడిగే ‘ముప్పై ఏళ్ళ లింకు’ దొరకదు.

కాబట్టి బ్యాంకులు వెతికే ముందు కాగితం పుట్టించుకోవాలి. మీరున్న స్థితిలో నేనైతే ఇలా మొదలుపెడతాను. నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం ముందు చేతిలో పెట్టుకోండి. తర్వాత అక్కనూ తమ్ముడినీ కూర్చోబెట్టి మాట్లాడండి. ‘అక్కకు పెళ్ళప్పుడే ఇచ్చేశాం’ అనే మాట బ్యాంకులో చెల్లదు. కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు ఉంది, హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత అందులో సందేహమే లేదు. లాయరు ఫైలు తెరవగానే ఆడపిల్లల సంతకాల కోసమే వెతుకుతాడు. వాళ్ళిద్దరూ ఒప్పుకుంటే మీ పేరిట హక్కు విడుదల దస్తావేజు గానీ, ముగ్గురూ కలిసి భాగపరిష్కార దస్తావేజు గానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోండి. తెల్లకాగితం మీద పెద్దమనుషుల ముందు రాసుకున్నది ఊళ్ళో పనికొస్తుంది, బ్యాంకులో పనికిరాదు. అక్కయ్యగారికి చీర పెట్టి సంతకం పెట్టించుకోవడం మన అలవాటు. ఆమె వాటా విలువ ఎంతో తెలిసేలా చెప్పి, ఇవ్వగలిగింది ఇచ్చి పెట్టించుకోండి. ఈ సలహా బ్యాంకు మేనేజర్‌గా కాదు, ముగ్గురు అక్కచెల్లెళ్ళున్న వాడిగా చెబుతున్నాను.

దస్తావేజుకు డబ్బు కట్టేముందే ఒక పని చేయండి. మీ స్థలం రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో చాలా గ్రామకంఠాలు ప్రభుత్వ భూమి కింద లెక్కకొచ్చి ఆ జాబితాలో చిక్కుకున్నాయి. అందులో ఉంటే అసలు రిజిస్ట్రేషనే జరగదు, ముందు దాన్ని తీయించుకోవాలి. జాబితాలో లేకపోతే రిజిస్ట్రేషన్ అయ్యాక పంచాయతీలో ఇంటిపన్ను మీ పేరుకు మార్పించుకుని, ఇంటి ప్లానుకు అనుమతి తీసుకోండి. పాత కరెంటు బిల్లులు, నాన్నగారి నాటి పన్ను రసీదులు ఎన్ని దొరికితే అన్ని దాచండి. అవి స్వాధీనానికి సాక్ష్యం. మిద్దె కూల్చే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి, అవీ సాక్ష్యమే. అసలు అప్పు మంజూరయ్యే దాకా మిద్దె మొత్తం కూల్చొద్దు. చూరు కింద నుంచి లేచి, అప్పు రాక, మూడేళ్ళు పశువుల కొట్టంలో కాపురం చేసినవాళ్ళు నాకు తెలుసు.

మీ ఊళ్ళో డ్రోన్ ఎగిరిందా? 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం కింద గ్రామకంఠాల్లో ఇళ్ళను డ్రోన్లతో కొలిచి, ఇంటింటికీ ప్రాపర్టీ కార్డు ఇవ్వాలన్నది ఆలోచన. ఆ కార్డు చూపించి బ్యాంకు అప్పు తెచ్చుకోగలగాలన్నది ఆ పథకం ఉద్దేశాల్లో ఒకటి. పంచాయతీ కార్యదర్శిని కలిసి మీ ఇంటి కొలతలు ఎవరి పేరున ఎక్కాయో చూసుకోండి. నాన్నగారి పేరునో, తమ్ముడి పేరునో ఎక్కి ఉంటే ఇప్పుడే సరిచేయించండి. కార్డు ఒక్కటీ చాలుతుందా, దస్తావేజు కూడా కావాలా అన్నది మీరు వెళ్ళబోయే బ్యాంకు లాయరునే ముందుగా అడగండి. ఒక్కో లాయరుది ఒక్కో పట్టుదల.

రోడ్డు పక్క పొలం సంగతి. వద్దు. పొలానికి పాసు పుస్తకం ఉంది కదా, కాగితం గట్టిది కదా అని మీకు అనిపించడం సహజమే. కానీ కోర్టుకు వెళ్ళకుండా తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకిచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. ఇల్లు పొలంలో ఉంటే బ్యాంకుకు ఆ దారి మూసుకుపోతుంది. అందుకే అది ఇక వ్యవసాయ భూమి కాదని చూపే కాగితం లేనిదే ఇంటి అప్పు ఫైలు కదలదు. పైగా పండే పొలం ముక్క పోతుంది.

ఇక ‘సర్వీస్ ఏరియా’. ఈ మాట విని నవ్వొచ్చింది. 1989 ఏప్రిల్‌లో ఆ పద్ధతి మొదలైనప్పుడు ఒక్కో బ్రాంచీకి కొన్ని ఊళ్ళు పంచారు. 2004 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఆ కట్టుబాటును ప్రభుత్వ పథకాలకు తప్ప మిగతావాటికి తీసేసింది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ మాట మాత్రం కౌంటర్ల మీద బతికే ఉంది. నో డ్యూ సర్టిఫికెట్లూ అంతే. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో వ్యక్తిగతంగా అప్పు తీసుకునేవాళ్ళను ఈ సర్టిఫికెట్ల కోసం తిప్పొద్దని రిజర్వు బ్యాంకే చెప్పింది. మీ బాకీలు ఎక్కడెక్కడ ఉన్నాయో క్రెడిట్ రిపోర్టులో వాళ్ళకే కనిపిస్తాయి.

అంటే మీకున్నది ఒక బ్యాంకు కాదు. కనిగిరి, మార్కాపురం, ఒంగోలులో ఏ బ్యాంకు బ్రాంచీకైనా వెళ్ళొచ్చు. చాలా బ్యాంకుల్లో ఇంటి అప్పుల ఫైళ్ళు చూసేది పట్నంలోని వేరే విభాగం, కాబట్టి అక్కడికే వెళ్ళడం మేలు. కొన్ని బ్యాంకులు ఇల్లు బ్రాంచీకి ఇన్ని కిలోమీటర్ల లోపే ఉండాలంటాయి, అది మొదటి ప్రశ్నగా అడిగేయండి, బస్సు ఛార్జీలు మిగులుతాయి. రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులు నాలుగూ 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒకటయ్యాయి, అక్కడా అడగండి. అందరూ మర్చిపోయేది జిల్లా సహకార కేంద్ర బ్యాంకు. సొసైటీ అంటే ఎరువుల బస్తాలే గుర్తొస్తాయి మనకు. 2022లో రిజర్వు బ్యాంకు గ్రామీణ సహకార బ్యాంకుల ఇంటి అప్పు పరిమితులను రెట్టింపు పైగా పెంచింది. వాటిలో చిన్నవాటికే ఒక్కో మనిషికి 50 లక్షల దాకా వెసులుబాటు వచ్చింది. మీ 8 లక్షలు వాళ్ళకు చిన్న అప్పు.

ఎక్కడికి వెళ్ళినా నోటిమాటతో తిరిగి రావొద్దు. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, అది నిబంధన. రాసివ్వాల్సి వచ్చినప్పుడు ‘మీ ఊరికి లేదు’ అని ఎవరూ రాయరు. ‘ఫలానా డాక్యుమెంటు లేదు’ అని రాస్తారు. మీకు కావలసింది ఆ ముక్కే. ఫిర్యాదుకు 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. అయితే అప్పు ఇచ్చి తీరాలని అంబుడ్స్‌మన్ ఆజ్ఞాపించరు, ఆ ఆశ పెట్టుకోకండి.

ఆదాయం చూపించడం మీకు కష్టం కాదు. పొగాకు వేలం డబ్బు పడిన మూడేళ్ళ ఖాతా స్టేట్‌మెంట్ తీయించండి. పాల డబ్బు చేతికి తీసుకుంటుంటే ఈరోజు నుంచే ఖాతాలో వేయమనండి. ఆవిడను కూడా సహ దరఖాస్తుదారుగా చేర్చండి. ఇంకో మాట, నెలవారీ కిస్తీకి వెంటనే ఒప్పుకోకండి. పంట చేతికొచ్చే కాలాన్ని బట్టి ఆరు నెలలకోసారి కట్టే వీలు రైతులకు కొన్ని బ్యాంకుల పథకాల్లో ఉంది. మీరు అడిగితేనే చెబుతారు.

ఇప్పుడు ఆ ఫైనాన్స్ కుర్రాడి లెక్క. 8 లక్షలు, 15 ఏళ్ళు. బ్యాంకులో ఎనిమిదిన్నర శాతం అనుకుంటే నెలకు సుమారు 7,880 రూపాయలు. 14 శాతానికి 10,650 పైమాట. నెలకు తేడా 2,770 రూపాయలు. పదిహేనేళ్ళకు దగ్గర దగ్గర 5 లక్షలు. వారంలో ఇస్తానంటున్నది నిజమే కావచ్చు, ఆ తొందరకు మీరు కట్టే ధర అది. ‘ఇప్పుడు తీసుకో, తర్వాత బ్యాంకుకు మార్చుకో’ అని కూడా అంటాడు. మార్చుకునేటప్పుడు బ్యాంకు అడిగేది మళ్ళీ ఈ దస్తావేజే. కాగితం లేకుండా అటు వెళ్తే పదిహేనేళ్ళూ అటే.

తప్పనిసరై అతని దగ్గరకే వెళ్ళాల్సి వస్తే, సంతకం ముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇమ్మనండి. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి అప్పులన్నిటికీ అది ఇవ్వాలి. వడ్డీకి ఫీజులన్నీ కలిపితే ఏడాదికి అసలు ఎంత పడుతుందో అందులో ఉంటుంది. వడ్డీ ఫ్లోటింగో (మధ్యలో పెరిగీ తగ్గీ మారేదో) కాదో చూడండి. ఫ్లోటింగ్ అయితే మధ్యలో తీర్చేసినా జరిమానా వేయకూడదు. బీమా పాలసీ కలిపి అంటగడితే వద్దనొచ్చు.

బ్యాంకు అప్పు మంజూరైనా 8 లక్షలూ ఒక్కసారే చేతికి రావు. మీ 4 లక్షలు ముందు పెట్టి పునాది లేపాలి, తర్వాత లింటెల్, శ్లాబ్, ప్లాస్టరింగ్ దశల్ని చూసి విడుదల చేస్తారు. ముప్పై లక్షల లోపు అప్పుకు ఆస్తి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని నిబంధన చెబుతున్నా, పల్లెలో ఇంటికి బ్యాంకు తరఫున వాల్యుయర్ కట్టే విలువ తక్కువగానే ఉంటుంది. మేస్త్రీ 12 అన్నాడంటే 14 అనుకోండి, బోరు, మెట్లు, కాంపౌండు గోడ ఏ మేస్త్రీ లెక్కలోనూ ఉండవు. ఒక గది తగ్గించి మొదలుపెట్టడమే మంచిది, మేడ మీద తర్వాత వేసుకోవచ్చు. చివర్లో పత్రాలు తీసుకుని పట్నం బ్రాంచీకి రమ్మంటే కంగారు పడకండి. అసలు పత్రాలు అప్పగించి పెట్టే తనఖా ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణాల్లోనే చెల్లుతుంది, ఇల్లు ఎక్కడున్నా.

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. మా ఆయన దుబాయిలో పని చేస్తారు. ఊళ్ళో జాగా ఆయన పేరున ఉంది. ఇంటి అప్పు తీసుకుంటే 2 లక్షల 67 వేలు సబ్సిడీ వస్తుందని ఒకాయన 6 వేలు అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వొద్దమ్మా. ఆ 2.67 లక్షల వడ్డీ సబ్సిడీ పట్టణాల పథకంలోది, 2022 మార్చి 31తో ముగిసింది. 2024లో వచ్చిన కొత్త విడత కూడా పట్టణ ప్రాంతాలకే. ఊళ్ళో ఇంటికి కేంద్రం గ్రామీణ ఆవాస్ కింద మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు, తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ళ కింద 5 లక్షలు దశలవారీగా ఇస్తారు, అవి అర్హులకు నేరుగా ఖాతాలో పడతాయి. మధ్యలో ఎవరికీ రూపాయి ఇవ్వనక్కర్లేదు. బ్యాంకు అప్పే కావాలంటే మీ ఆయన సెలవు మీద వచ్చినప్పుడు సంతకాలు పెట్టడం అన్నిటికన్నా సులువు. రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ మీ పేరున పంపాలి, అది మన దేశం చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోండి. చాలామంది ఆ గడువు దాటేసి మళ్ళీ మొదటికొస్తారు.

ప్రశ్న: నేను ఏ అప్పూ ఎగ్గొట్టలేదు. అయినా సిబిల్ (అప్పులు ఎలా కట్టామో చూపే స్కోరు) తక్కువుందని అప్పు కాదన్నారు. ఎలా?

జవాబు: బావమరిది ట్రాక్టరుకు హామీ సంతకం పెట్టారా? నాకొచ్చే ఇలాంటి ఉత్తరాల్లో సగానికి జవాబు అదే. ఆయన కట్టకపోతే మీ రిపోర్టులోనూ పడుతుంది. ఏడాదికోసారి రిపోర్టు ఉచితం, ముందు అది తీసి చదవండి. తీర్చేసిన బంగారం అప్పు ఇంకా బాకీగా కనిపించడం లాంటి తప్పులుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయలు మీకు పరిహారం ఇవ్వాలి. తప్పు కాక నిజంగానే బావమరిది బాకీ అయితే, పండక్కి వచ్చినప్పుడు మాట్లాడండి.

ప్రశ్న: ఇంటి అప్పు మొత్తం కట్టేసి నాలుగు నెలలైంది. పత్రాలు హెడ్ ఆఫీసులో ఉన్నాయంటూ తిప్పుతున్నారు.

జవాబు: అప్పు తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు ఇవ్వాలి. ఆలస్యం వాళ్ళ వల్లే అయితే రోజుకు 5,000 రూపాయలు మీకివ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. పత్రాలు పోగొట్టి ఉంటే నకళ్ళు తెప్పించే ఖర్చు వాళ్ళదే, దానికి మరో 30 రోజులు గడువు ఉంటుంది. అప్పు ముగిసిన తేదీ వేసి, రోజులు లెక్కగట్టి, మొత్తం ఎంతయిందో కింద రాసి ఒక ఉత్తరం ఇవ్వండి. రసీదు మర్చిపోకండి.